ఉప్పు సరిపోయింది

మా ఆయన బాపిరాజు ముప్పై ఒక్క ఏళ్ళు సినిమాల్లో నటించి, రాసిచ్చిన డైలాగు ఒక్కటంటే ఒక్కటి ఉన్నదున్నట్టు చెప్పలేదు. ఈ సంగతి ఆయన గొప్పగా చెప్పుకుంటాడు. నేనేమో తెలుగు టీచర్ని. ఇరవై ఆరేళ్ళుగా మీర్‌పేట్ బడిలో పిల్లల చేత పద్యాలు అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పించుకుంటున్నదాన్ని. మాకు పెళ్ళి కుదిర్చిన మా మేనమామ ఈ విషయం కాస్త ముందుగా ఆలోచించి ఉండాల్సింది.

మీరు ఆయన్ని చూసే ఉంటారు. పెళ్ళి విందులో అప్పడం అందలేదని అలిగే పెద్దమనిషి, బస్సులో కిటికీ సీటు కోసం కొట్లాడే ప్రయాణికుడు, హీరో తన్నిన రౌడీ వచ్చి మీద పడ్డా చేతిలో టీ ఒలకనివ్వని గిరాకీ, అన్నీ ఈయనే. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపుకి వెళ్తే అమ్మాయిలు ముఖం గుర్తుపట్టి దగ్గరికొస్తారు, సినిమా గుర్తురాక ఆగిపోతారు, పేరు ఎలాగూ తెలియదు. వాళ్ళ తప్పు కాదు. నూట అరవై సినిమాల్లో ఈయన వేసిన ఏ పాత్రకీ పేరు లేదు. కాగితాల మీద ‘తాగుబోతు’, ‘పక్కింటాయన’, ‘రెండో పేషెంటు’ అనే ఉండేది.

ఆ రోజుల పద్ధతి కూడా ఈయనకు కలిసొచ్చింది. షూటింగులో ఒక అసిస్టెంటు కెమెరా పక్కన నిలబడి డైలాగు పైకి చదివేవాడు, నటులు విని అప్పజెప్పేవాళ్ళు. గొంతు ఎలాగూ తర్వాత డబ్బింగులో కలుపుతారు గనక ఎవరు చదివినా, ఏ కుక్క మొరిగినా ఇబ్బంది లేదు. ఈయన చదివింది సగం వినేవాడు, మిగతా సగం అప్పటికప్పుడు పుట్టించేవాడు. డబ్బింగులో, తెరమీద తన వీపు కనబడుతున్నంతసేపూ ఇంకో రెండు మాటలు దూర్చేవాడు. జనం ఎక్కువగా నవ్వింది ఆ వీపు డైలాగులకే.

నేను మాత్రం ఎప్పుడూ నవ్వలేదు. ఎలా నవ్వుతాను? ఆ మాటల్లో సగం మా ఇంట్లోవే. గ్యాసు బండ ఆలస్యమైందని నేను ఆడిన పోట్లాట ఆరు నెలల తర్వాత మీసాలు పెట్టుకుని తెరమీద కనబడేది. హాలంతా పడి పడి నవ్వుతుంటే నేను పళ్ళు బిగపట్టుకుని కూర్చునేదాన్ని. ఇంటికొచ్చాక “నవ్వలేదేం?” అని అడిగేవాడు. ముందే విన్నానని చెప్పేదాన్ని. ఆయన మళ్ళీ సినిమాకి మళ్ళీ అడిగేవాడు.

నిరుడు వేసవి నాటికి ఆయనకు సినిమావాళ్ళ నుంచి ఫోను వచ్చి ఎనిమిది నెలలైంది. బయటికి ఏమీ అనడు. బాత్రూముకి వెళ్ళినా ఫోను పట్టుకెళ్ళడం చూసి నేనే అర్థం చేసుకున్నాను. మా బడికి ఎండాకాలం సెలవులు ఇచ్చిన మర్నాడు, కొత్తపేటలో మా ఇంటికి ఒక గడ్డం కుర్రవాడు వచ్చి నా కాళ్ళకు దణ్ణం పెట్టాడు.

“గుర్తువట్టలేదా మేడం? టెన్త్ సి సెక్షన్, రాజశేఖర్. ‘ఉన్నది ఉన్నట్టు చదువురా’ అని తిట్టి, గదే మాట నాతోని వంద సార్లు రాయించిన్రు.”

గుర్తొచ్చాడు. వెనక బెంచీ. ఇప్పుడు డైరెక్టరట. ఓటీటీ కోసం ఎనిమిది భాగాల సిరీసు తీస్తున్నాడు. అందులో తండ్రి పాత్రకు మా ఆయన కావాలన్నాడు. ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో చెప్పలేక, రోజూ క్యారేజీ పట్టుకుని ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి మియాపూర్ దాకా, మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా తిరుగుతూ సాయంత్రం చేసే గుమాస్తా. పద్నాలుగు సీన్లు. పేరు వెంకట్రావు.

“పాత్రకు పేరుందా?” అన్నాడు మా ఆయన. గొంతు మామూలుగా పెట్టే ప్రయత్నం చేశాడు గానీ కుదరలేదు.

అప్పుడు రాజశేఖర్ అసలు విషయం చెప్పాడు. సింక్ సౌండ్. అంటే షూటింగులో మాట్లాడిందే తెరమీద వినబడుతుంది, డబ్బింగు లేదు. కాబట్టి పక్కనుంచి చదివి అందించడం కుదరదు. అన్నీ కంఠతా రావాలి. “రెండేండ్లు కూసోని రాసిన సార్. ఒక్క మాట గూడ అటుఇటు గావద్దు. ప్రొడ్యూసర్లు వేరే ఆయన పేరు చెప్పిన్రు. నాకు మీ మొఖమే కావాలె అన్న. మొదటి మూడు దినాల షూటింగ్ చూసి ఫైనల్ జేస్తమన్నరు.”

మా ఆయన నావైపు చూశాడు. షూటింగు మొదలయ్యే మే పదహారు దాకా టైముంది కదా అన్నాను నేను. ఆయన చదువు బాధ్యత నామీద వేసుకున్నాననే సంగతి అన్నాక గానీ నాకు తెలియలేదు.

మొదటి వారం నరకం. భోజనాల సీను తీసుకున్నాం, అదే అన్నిట్లోకీ ముఖ్యమని రాజశేఖర్ చెప్పాడు కాబట్టి. వెంకట్రావు అన్నం తింటూ, “కూర బాగుంది” అంటాడు. ఉప్పు సరిపోయిందా అని భార్య అడుగుతుంది. “సరిపోయింది. ఉప్పు సరిపోయింది” అంటాడు. ఏమిటలా ఉన్నారంటే, “నా ఉద్యోగం పోయి మూడు నెలలైంది” అంటాడు. అంతే. మూడో తరగతి పిల్లలు అయిదు నిమిషాల్లో అప్పజెప్పే పాఠం.

మా ఆయన, “మూడు నెలల ఆరు రోజులైంది” అన్నాడు.

“ఆరు రోజులు ఎక్కణ్ణుంచి వచ్చాయండీ?”

“ఉద్యోగం పోయినోడు రోజులతో సహా లెక్కెట్టుకుంటాడే.”

మాట బాగానే ఉంది. ఒప్పుకుంటే చెయ్యి దాటిపోతాడని మార్కులు వెయ్యలేదు. రెండోసారి కూరలో తాలింపు పెంచాడు. మూడోసారి మెట్రోలో ఎవరో ముసలాయనకు సీటిచ్చిన ఉదంతం కలిపాడు. చివరికి ఇంపొజిషన్ రాయమన్నాను. బుద్ధిగా బల్ల ముందు కూర్చుని ఇరవై సార్లు రాసి తెచ్చాడు. ఇరవైలో ఏ రెండు వాక్యాలూ ఒకలా లేవు. అట్లకాడ తీసుకుని వెంటపడితే గడ్డిఅన్నారం వైపు వాకింగుకి పారిపోయాడు.

అప్పుడు నా పాత విద్య బయటికి తీశాను. అర్థం ఆలోచించొద్దు, ఎక్కాల్లాగా చదవమన్నాను. పొద్దున్నే ఆరింటికి డాబా మీద నీళ్ళ ట్యాంకుల మధ్య అటూ ఇటూ నడిపిస్తూ ఒక్కో సీను యాభైసార్లు చెప్పించాను. మాట తప్పితే మళ్ళీ మొదటికి. ఆయన కూడా ఎన్నడూ లేనిది మొండిగా పట్టుబట్టాడు. పేరున్న పాత్ర కదా. మే పదో తారీఖుకి పద్నాలుగు సీన్లూ అక్షరం పొల్లుపోకుండా వచ్చేశాయి. ఏ పేజీ అడిగితే ఆ పేజీ అప్పజెప్పాడు. నా సర్వీసులో అంత మొద్దు శిష్యుణ్ణి అంత బాగా తయారు చెయ్యలేదని మురిసిపోయాను.

ఇంట్లో కూడా ప్రశాంతంగా ఉంది. పాలవాణ్ణి అనుకరించడం లేదు, నా కేకలు నాకే తిరిగి వినిపించడం లేదు. ఉన్న మాటలన్నీ షూటింగు కోసం దాచుకున్నట్టు నోరు మూసుకుని తిరుగుతున్నాడు. హమ్మయ్య అనుకున్నాను. సిగ్గుపడాల్సిన సంతోషమే, అప్పటికి నాకు తెలియదు.

రైతుబజారులో పూలమ్మ ఆయనలో తేడా ముందు కనిపెట్టింది. ఇబ్రహీంపట్నం అవతలి ఊరి నుంచి వంకాయలు, ఆకుకూరలు తెచ్చి అమ్ముతుంది. మా ఆయనకు పదేళ్ళుగా ఆవిడతో రోజూ బేరం ఒక నాటకం. ఒకరోజు రిటైరైన పోలీసులా వెళ్తాడు, ఒకరోజు మగపెళ్ళివారిలా వెళ్తాడు. ఆవిడ కూడా ఏమీ తక్కువ తినలేదు. చుట్టుపక్కల వాళ్ళు సంచులు కింద పెట్టి చూసేవాళ్ళు. ఆరోజు నేనొక్కదాన్నే వెళ్తే కూర తూచడం ఆపి అడిగింది.

“మేడం, సార్‌కు పానం మంచిగలేదా?”

బాగానే ఉన్నారని, షూటింగు ఉందని, డైలాగులు కంఠతా పడుతున్నారని చెప్పాను.

“చెప్పిన ధర ఇచ్చి సక్కగ పోతున్నడు. బడిపిల్లగాని లెక్కైండు.” కాసేపు వంకాయలు ఏరింది. “నేను రోజుకో కొత్త లొల్లి పెడ్త మేడం. ఒకనాడు తరాజు దాస్త. ఒకనాడు నువ్వెవరో తెల్వదంట. సార్‌కు ముంగట ఏదన్న అడ్డం రావాలె, గప్పుడే మాట పుడ్తది. మీరు తొవ్వంత సాఫ్ జేసి పెట్టిన్రు.”

కూరలు అమ్ముకునే మనిషికి నటన గురించి ఏం తెలుసనుకుని సంచీ తీసుకుని వచ్చేశాను.

షూటింగు మీర్‌పేట్‌లో ఒక రెండంతస్తుల ఇంట్లో. మే నెల. ఫ్యాను తిరిగితే చప్పుడు రికార్డవుతుందని ఫ్యాన్లు ఆపేశారు. పాత ఇనుప సామాన్లు కొంటామని మైకు పెట్టుకుని ఆటో తిరిగితే అది వీధి చివర మలుపు తిరిగేదాకా అందరూ కొయ్యబొమ్మల్లా నిలబడాలి. పక్కింటావిడ కుక్కరు పెట్టుకోబోతే ఒకాయన వెళ్ళి బతిమాలి వచ్చాడు. ఇంక నవ్వడం సంగతి చెప్పనక్కర్లేదు. నవ్వితే టేకు పోతుంది. అందుకని అక్కడ పనిచేసేవాళ్ళందరి మెడల్లోనూ తువ్వాళ్ళున్నాయి. నవ్వొస్తే నోట్లో కుక్కుకోవడానికి.

భార్య పాత్ర వేసే సుజన అనే అమ్మాయి పనిమనిషితో తగాదాపడే సీను తీస్తున్నప్పుడు అన్ని తువ్వాళ్ళూ నోళ్ళలోనే ఉన్నాయి. నేను భోజనాల సీన్ల కోసం వంట చెయ్యడానికి వెళ్ళాను. ప్రొడక్షను వాళ్ళ కూర ఆయనకు పడదని నేనే అడిగి పెట్టుకున్న పని అది. వంటింటి గుమ్మంలో నిలబడి మా ఆయన సీన్లన్నీ చూశాను. రెండు రోజులు. ఒక్క తప్పు లేదు. ప్రతిదీ మొదటి టేకులోనే అయిపోయింది. ఒక్క తువ్వాలు కూడా మెడ మీద నుంచి కదల్లేదు.

మూడో రోజు పొద్దున్న రాజశేఖర్ వంటింట్లోకి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

“తప్పులేం లేవు కదా?” అన్నాను.

“ఒక్కటి లేదు మేడం. గదే పరేషాన్.” నావైపు చూడకుండా చెప్పాడు. “ప్రొడ్యూసర్లు రెండు దినాలది చూసిన్రు. ఇయ్యాల భోజనాల సీన్ చూసి సాయంత్రం చెప్తరంట. గా వేరే ఆయనకు ఫోన్ జేసి పెట్టిన్రు.”

మరైతే ఆయన్ని ఇష్టం వచ్చినట్టు చెప్పుకోమను అన్నాను. నా నోటి నుంచి ఆ మాట రావడం నాకే వింతగా ఉంది.

“మారిస్తే కథ కూలుతది మేడం. మాటలు గవే ఉండాలె. కని, మాటల ఎనక మనిషి గూడ ఉండాలె.” తల గోక్కున్నాడు. “సార్‌ను నేనే ఖరాబ్ జేసిన అనిపిస్తుంది.”

నువ్వు కాదు నాయనా, నేను, అనుకున్నాను. వాడికీ నేనే నేర్పాను, ఈయనకీ నేనే నేర్పాను. అవతల హాల్లో మా ఆయన ఒక మూల కుర్చీలో కూర్చుని పెదాలు కదుపుతున్నాడు. ఎక్కాలు. చెమటకు చొక్కా వీపుకి అంటుకుపోయింది. జనాన్ని నవ్వించిన వీపు అది.

పదకొండు గంటలకు మొదలుపెట్టారు. నేను చేసింది గుత్తి వంకాయ కూర, పూలమ్మ వంకాయలే. మొదటి టేకు, రెండు, మూడు. మాటలన్నీ వచ్చాయి. రాజశేఖర్ మర్యాదగా ఇంకొక్కటి సార్ అంటున్నాడు. నాలుగు, అయిదు. మా ఆయనకూ అర్థమైంది. ఏది లోపించిందో తెలుసు, ఎక్కడ వెతకాలో తెలియడం లేదు. ఆరో టేకు అయ్యాక గిన్నెలో కూర అయిపోయింది. నింపి ఇమ్మని వంటింట్లోకి పంపారు.

గిన్నెలో కూర వేశాను. చూస్తూ నిలబడ్డాను. ముంగట ఏదన్న అడ్డం రావాలె.

నా జన్మలో నేను పాఠంలో లేని ముక్క ఒక్కటి కలిపిందాన్ని కాదు. ఉప్పు డబ్బా మూత తీసి ఒక గుప్పెడు తీశాను. కూరలో వేసి, గుజ్జులో కలిసిపోయేదాకా గరిటెతో తిప్పి, పైన నాలుగు కొత్తిమీర రెబ్బలు చల్లి పంపేశాను.

ఏడో టేకు. సుజన వడ్డించింది. మా ఆయన కలుపుకున్నాడు. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. దవడ ఆగిపోయింది.

కళ్ళు మెల్లగా పెద్దవయ్యాయి. ఉమ్మేస్తాడనుకున్నాను. లేదు. తల తిప్పకుండా కళ్ళు మాత్రం తిప్పి వంటింటి గుమ్మం వైపు చూశాడు. నేను డబ్బా పట్టుకునే నిలబడి ఉన్నాను. ఒక్క క్షణం మా చూపులు కలిశాయి. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నన్ను అంత ఆశ్చర్యంగా చూడలేదు. తర్వాత మింగాడు. ఆ మింగడమే ఒక సీను.

“కూర,” అన్నాడు. ఊపిరి తీసుకున్నాడు. “బాగుంది.”

“ఉప్పు సరిపోయిందా?” అంది పాపం సుజన, ఏమీ తెలియక.

ఆయన నీళ్ళ గ్లాసు అందుకున్నాడు. షూటింగు గ్లాసు, అందులో నీళ్ళెవరు పోస్తారు? లోపలికి తొంగిచూసి, ఎంతో మర్యాదగా దాన్ని ఉన్నచోటే పెట్టాడు. కెమెరా పక్కన ఒక తువ్వాలు నోట్లోకి వెళ్ళింది.

“సరిపోయింది,” అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. నావైపు చూశాడు. “ఉప్పు సరిపోయింది.”

అక్షరం పొల్లుపోలేదు. అంతటితో సీను ముందుకు నడవాలి. ఆయన ఏం చేశాడంటే, కంచం చేత్తో నెమ్మదిగా ముందుకు జరిపాడు. ఇంకాస్త కూర వెయ్యమని.

నేను నవ్వేశాను. ఆపుకుందామనే కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను గానీ అప్పటికే బయటికి వచ్చేసింది. ముప్పై ఏళ్ళుగా థియేటర్లలో బిగపట్టుకున్నదంతా ఒక్కసారిగా వచ్చింది. టేకు పోయింది, పాత్ర పోయింది, నా చేతులారా చేశాననుకున్నాను. మా ఆయన ఆగలేదు. రెండో వడ్డన కూడా కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళ నీళ్ళు బుగ్గల మీదికి వచ్చేశాయి.

“ఏమిటలా ఉన్నారు?” అంది సుజన. ఈసారి నిజంగానే అడిగింది.

“నా ఉద్యోగం పోయి,” అన్నాడు, “మూడు నెలలైంది.”

ఆ నీళ్ళు ఉప్పు తెప్పించినవో, ఎనిమిది నెలలు మోగని ఫోనువో నాకు తెలియదు. నవ్విన నోటితోనే ఏడ్చాను. తువ్వాళ్ళు నోళ్ళలోంచి కళ్ళ మీదికి వెళ్ళాయి.

కట్ చెప్పాక రాజశేఖర్ తిన్నగా వంటింట్లోకి వచ్చాడు. గిన్నెలో వేలు ముంచి నాకి, ముఖం అష్టవంకర్లు తిప్పుకుని మంచినీళ్ళ కుండ దగ్గరికి పరుగెత్తాడు. రెండు గ్లాసులు తాగాక గానీ మాట రాలేదు.

“మేడం, ఇది స్క్రిప్టుల లేదు.”

“లేదు. వంద సార్లు రాయమంటావా?”

వాడు మళ్ళీ నా కాళ్ళకు దణ్ణం పెట్టాడు.

సాయంత్రం ఆరు కాకుండానే ఫోను వచ్చింది. వెంకట్రావు మా ఆయనే. ఇంటికి వెళ్తున్న ఆటోలో మూడో నీళ్ళ సీసా ఖాళీ చేసి, ఆయన మొదటి మాట మాట్లాడాడు.

“ఎంతేశావు?”

“గుప్పెడు.”

ఖాళీ సీసాకి మూత బిగించాడు. “సగం సరిపోయేది దుర్గా. కొత్తోళ్ళందరూ మొదటిసారి ఎక్కువే చేస్తారులే.”

సిరీసు దసరాకు వచ్చింది. పూలమ్మ తన కొట్టు ముందు ఫోను నిలబెట్టి, గిరాకీలను ఆపి మరీ చూపించింది. మా ఆయన మళ్ళీ బేరాలు మొదలుపెట్టాడు. ఈ మధ్య ఉద్యోగం పోయిన గుమాస్తాలా వెళ్తున్నాడు, ఆవిడ జాలిపడటం లేదు. చీరల షాపులో అమ్మాయిలు ఇప్పుడు వెంకట్రావుగారూ అని పిలుస్తారు. టైటిల్సులో ఆ పేరు పక్కన ఈయన పేరు వచ్చినప్పుడు నేను ఆపి రెండుసార్లు చదివాను. అచ్చుతప్పులేం లేవు.

భోజనాల సీనులో నా నవ్వు తీసేస్తారనుకున్నాను. రాజశేఖర్ తియ్యలేదు. పక్కింట్ల ఎవరో నవ్వినట్టుంది, ఉండనియ్ అన్నాడట. చాలా సన్నగా వినబడుతుంది. తెలియనివాళ్ళకు తెలియదు.

ఆయనకు తెలుసు. మధ్యాహ్నం నేను పేపర్లు దిద్దుకుంటుంటే ఆయన చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని బాల్కనీలో కూర్చుంటాడు. తన నటన తనే చూసుకుని మురిసిపోతున్నాడనుకునేదాన్ని. ఒకరోజు టీ ఇవ్వబోతూ చూస్తే ఫోను ఒళ్ళో బోర్లించి ఉంది, కళ్ళు మూసుకుని ఉన్నాడు. చూడటం లేదు, వింటున్నాడు. నేను వెనక నిలబడి ఉండగానే ఫోను తిప్పి, పది సెకన్లు వెనక్కి జరిపి, మళ్ళీ పెట్టుకున్నాడు.